క్రాకోవ్, గ్డాన్స్క్, ఇంట్లో పద్నాలుగు మెట్లు

2010 జనవరి పదిహేడు, ఆదివారం. ఇడ్లీలు తింటూ మా ఆయన ఈసారి సెలవులకు పోలండు వెళ్దామన్నారు. అప్పటికి మేము ఐర్లండు వచ్చి పదేళ్ళ ఏడు నెలలు. ఆ పదేళ్ళలో సెలవంటే ఇండియా వెళ్ళి రావడమే. మాంద్యం వచ్చాక జీతంలో రెండు విడతల కోత పడింది. ముగ్గురికి ఇండియా టికెట్లు కొనే స్థితి ఆ ఏడు లేదు. పోలండుకు మాత్రం విమానాలు చవక. మా అమ్మాయి మెయ్‌నూత్‌ యూనివర్సిటీలో చదువుతూ ఉండేది. పరీక్షల తర్వాత తనకు వేసవి ఉద్యోగం ఉంది కనుక మేమిద్దరమే వెళ్ళాలి.

అక్కడ చూడదగిన పాత ఊళ్ళు రెండని తేల్చుకున్నాం. ఆయనకు క్రాకోవ్ కావాలి. నాకు గ్డాన్స్క్ కావాలి. ఆ రెండింటిలో ఒకటి తేల్చుకోలేక ఐదు నెలలు గడిపాం. చివరికి అందులో తేలింది మా ఆయన గుండె సంగతి. అందుకే ఇన్నేళ్ళ తర్వాత రాసి పెడుతున్నాను. తేదీలన్నీ నా నోటుపుస్తకంలోవి.

నాకు రాసిపెట్టుకునే అలవాటు ఉద్యోగం నుంచి వచ్చింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు, తర్వాత ఇరవై ఏళ్ళు నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేశాను. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి లాకుల దగ్గర నీటిమట్టం ఎంతో చెప్తారు, అది రిజిస్టరులో ఎక్కించాలి. కాలువ నిండినా ఎండినా ఎక్కించాలి. మాది డెల్టా ఊరు కనుక నది చివర ఎలా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పోలండు పటం ముందేసుకుని చూస్తే రెండు ఊళ్ళూ ఒకే నది మీద ఉన్నాయి. క్రాకోవ్ పైన, గ్డాన్స్క్ సముద్రంలో కలిసే చోట. నాకు ఆ చివర చూడాలనిపించింది.

ఆయన కోరిక వేరు. ఆయన తండ్రి ప్రకాశం జిల్లాలో ఉప్పు కొఠార్ల దగ్గర లెక్కలు రాసేవారు. క్రాకోవ్ పక్కన భూమి అడుగున ఉప్పు గని ఉందనీ, అందులో ఉప్పులోనే ఒక చర్చి చెక్కారనీ మా ఆయన స్కూల్లో ఉన్నప్పుడు ఏదో పత్రికలో బొమ్మ చూశారట. "మా ఊళ్ళో ఉప్పు ఎండబెడతారు, అక్కడ తవ్వుతారు. చూడకుండా పోతానా?" అనేవారు. ఆ మాట నేను పెళ్ళయిన ఏడాదే విన్నాను.

అప్పుడు ఆయనకు అరవై ఒకటి, నాకు యాభై ఐదు. మేము డోనెగల్ కౌంటీలోని లెటర్‌కెన్నీలో అద్దెకు ఉండేవాళ్ళం. ఆయన అక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. పేరుకు రిజిస్ట్రారు, అంటే కన్సల్టెంటు కింద పనిచేసే డాక్టరు, ఉద్యోగం ఆరేసి నెలల కాంట్రాక్టు. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి కాగితం చేతికి వచ్చేదాకా వచ్చే నెల అద్దె ఎక్కడ కడతామో తెలియదు. ఆ ఏడు కాంట్రాక్టు జులై పన్నెండుతో ముగుస్తుంది. మళ్ళీ ఇస్తారని అంతకు ముందు ఎవరూ అనుమానించలేదు. ఆ ఏడు అందరూ అనుమానించారు. మా వీధి చివర పదకొండు ఇళ్ళు గోడల దాకా లేచి, పైకప్పులు లేకుండా ఆగిపోయాయి. సెలవు వాడుకోవలసింది జులై లోపల కనుక జూన్ చివరి వారం అనుకున్నాం.

ఫిబ్రవరి పదకొండు, గురువారం. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి ఆయన మేడ మీదికి వెళ్తున్నారు. మా ఇంట్లో మెట్లు పద్నాలుగు. తొమ్మిదో మెట్టు దగ్గర చిన్న కిటికీ ఉంది. అక్కడ ఆగారు.

"ఏమండీ, ఏం చూస్తున్నారు?" అన్నాను కింద నుంచి.

"వాన వస్తుందేమోనని."

డోనెగల్‌లో వాన వస్తుందేమోనని కిటికీలోంచి చూడవలసిన అవసరం ఎవరికీ లేదు. ఆ తేదీ, మెట్టు సంఖ్య రాసుకున్నాను. అనుమానంతో రాయలేదు. చూసింది రాయడం అలవాటు, అంతే. మార్చి నాలుగున ఏడో మెట్టు మీద ఆగారు. అక్కడ కిటికీ లేదు. చెప్పు సరిచేసుకున్నారు. మార్చి చివరికి ఆసుపత్రిలో కారు పెట్టే చోటు మార్చారు. పైవైపు వదిలేసి, గుమ్మానికి దగ్గరగా కిందివైపు పెట్టడానికి ఉదయం ఇరవై నిమిషాలు ముందు బయల్దేరేవారు. ఏప్రిల్‌లో ఆరో మెట్టు.

నేనెందుకు అడగలేదో చెప్పాలి. ఈ దేశంలో ప్రతి ఇంటికీ ఒక జీపీ, అంటే కుటుంబ డాక్టరు, ఉంటారు. జలుబు చేసినా, కీలు పట్టినా ముందు ఆ జీపీ దగ్గరికే వెళ్ళాలి. మాకు జీపీ లేరు. మాకే కాదు, మా ఎరుకలో ఉన్న తెలుగు డాక్టర్ల ఇళ్ళలో ఎవరికీ లేరు. అవసరం ఏముంది? మా అమ్మాయికి చెవిపోటు వస్తే ఆదివారం భోజనానికి వచ్చిన ఈఎన్‌టీ ఆయన దోసె పెనం పక్కనే నిలబెట్టి చూశారు. నా చేతి మీద దద్దురు వస్తే ఇంకొకరు ఫోన్లోనే మందు చెప్పారు. మా భోజనాల బల్ల మీద పప్పు గరిటె పక్కన బీపీ మిషను ఉండేది. అంతమంది డాక్టర్ల మధ్య ఉన్న మనిషికి ఏదైనా అయితే వాళ్ళకు తెలియకుండా నాకు తెలుస్తుందా అనుకున్నాను.

ఏప్రిల్ పద్దెనిమిది ఆదివారం భోజనాలు మా ఇంట్లో. ఐస్‌లండ్ అగ్నిపర్వతం బూడిద వల్ల విమానాలు ఆగిపోయిన వారం అది. ఇండియా వెళ్ళవలసిన ఇద్దరు కదల్లేక మా ఇంటికే వచ్చారు. మా ఆయనతో కలిపి డాక్టర్లు తొమ్మిది మంది. పోలండు మాట ఎలాగో వచ్చింది. మెడికల్ వార్డులో డాక్టరుగా పనిచేసే వరంగల్ అమ్మాయి ఒకతె ఉండేది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, ఏ విషయంలోనైనా తీర్పు చెప్పగలదు.

"క్రాకోవే పోండ్రి సర్. గాడ కోట ఉన్నది, రాజుల సమాధులున్నయి. గ్డాన్స్క్‌ల ఏమున్నది? సముద్రం. సముద్రం ఈడ లేదా?"

"ఇక్కడి సముద్రంలో కాలు పెడితే ఎముక కొరుకుతుందమ్మా," అన్నాను.

"గాడ మీకోసం ఉడుకునీళ్ళు వోసి పెట్టిన్రా ఆంటీ?"

అందరూ నవ్వారు. రాజమండ్రి సర్జన్ ఒకాయన అంతకు ముందు ఏడాదే క్రాకోవ్ వెళ్ళి వచ్చారు.

"వెళ్ళండి సార్, బాగుంటుందండి. కాపోతే ఆ గనిలోకి దిగడమే ఉందండీ, ఆయ్. మోకాళ్ళు పట్టేసి మూడ్రోజులు థియేటర్లో స్టూలేసుక్కూచుని ఆపరేషన్లు చేశానండి."

"ఎన్ని మెట్లు?" అన్నారు మా ఆయన.

"మూడొందల ఎనభై అండి. పైకి రావడానికి లిఫ్టుందండి. దిగడానికే లేదండి."

మా ఆయన కలుపుకున్న ముద్ద పళ్ళెంలో పెట్టేశారు.  రెండు నిమిషాల తర్వాత వరంగల్ అమ్మాయి, "ఏంది సర్, గింత చెమట పడ్తున్నది?" అంది.

బయట తొమ్మిది డిగ్రీలు. ఇంట్లో హీటింగు నేను పదింటికే ఆపేశాను.

"మీ ఆంటీ గోంగూరలో మిరపకాయలు లెక్కపెట్టి వేస్తుంది. ఇవాళ లెక్క తప్పింది," అన్నారాయన.

బల్ల చుట్టూ అందరూ పకపకా నవ్వారు. నా లెక్కల మీద హాస్యం ఆ ఇళ్ళలో పాత అలవాటే. నేను వేసినవి నాలుగు మిరపకాయలు. ఎప్పుడూ వేసేవి నాలుగే. ఆ మాట అప్పుడే అనవలసింది. పెరుగు తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆయన మొహం తుడుచుకుని ఎవరి కాంట్రాక్టు గురించో మాట్లాడుతున్నారు. ఎనిమిది మంది డాక్టర్లు ఆ చెమట చూశారు. సర్జన్ గారు చూసుకుంటారని ఆ అమ్మాయి అనుకుంది. మా ఆయన పెద్దవారు, తన సంగతి తనే చూసుకుని ఉంటారని సర్జన్ అనుకున్నారు. ఇది తర్వాత వాళ్ళు చెప్పగా తెలిసింది.

మే ఎనిమిది, శనివారం. బట్టలు మడత పెడుతున్నాను. ఆయన వచ్చి, "నీ ఊరే వెళ్దాంలేవోయ్. గ్డాన్స్క్," అన్నారు.

"నిజంగానా?"

"ఎప్పుడూ నా మాటేనా? ఈసారి నీది."

నాకు సంతోషం వేసింది. ముప్ఫై మూడేళ్ళ సంసారంలో ఆయన అలా వదులుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పక్కింట్లో పోలండు ఆవిడ ఉండేది. ఆసుపత్రి వంటశాలలో పని. సొంత ఊరు గ్డాన్స్కే. భర్త ఇళ్ళు కట్టే మేస్త్రీ, పని పోయి ఏడాదిన్నర దాటింది. జూన్ చివరకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి తిరిగి వెళ్ళిపోతున్నారు. ఆవిడకు చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుంది. వాళ్ళమ్మ ఇల్లు ఎక్కడో, ట్రాము ఎక్కడ ఎక్కాలో, ఏ వీధిలో తేనెరంగు అంబరు పూసలు మోసం లేకుండా అమ్ముతారో కాగితం మీద గీసి ఇచ్చింది. వాళ్ళ పెద్ద చర్చి గోపురం తప్పక ఎక్కమంది. నాలుగు వందలకు పైనే మెట్లు, పైనుంచి సముద్రం కనిపిస్తుందట.

ఆ సాయంత్రం ఆయనకు చెప్పాను.

"చర్చి కింద నుంచి చూస్తే కనపడదా?" అన్నారు.

అప్పుడు కూడా నేను ఆగి ఆలోచించలేదు. మే ఎనిమిది నుంచి పదహారు దాకా తొమ్మిది రోజులు ఆ కాగితం చూసుకుంటూ గడిపాను. వానకోటు కొన్నాను. కోరింది దొరికితే ఎందుకు దొరికిందని అడగని మనిషినని నా గురించి నాకు అప్పుడు తెలియదు. నోటుపుస్తకంలో ఆ తొమ్మిది రోజులకు మెట్ల లెక్క లేదు.

మే పద్దెనిమిది, మంగళవారం. అమ్మాయి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాను. తనకు తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ ఇక్కడి యాసలో చెప్తుంది.

"నాన్నా, వై గ్డాన్స్క్? క్రాకోవ్ వాజ్ యువర్ వన్ థింగ్!"

"అక్కడ వరదలమ్మా. టీవీలో చూడలేదూ? నది ఒడ్డు దాటుతోంది."

నిజమే, ఆ వారం క్రాకోవ్‌లో నది ప్రమాదస్థాయి దాటింది. నేనూ వార్తల్లో చూస్తున్నాను.

"ఇంకోటి, క్రాకోవ్ విమానం శనివారం. శనివారం తూర్పు ప్రయాణం పనికిరాదు. వారశూల."

 ఫోన్లో అమ్మాయి నవ్వు.

"వారశూల? యూ? నాన్నా, ఆర్ యూ ఫీలింగ్ ఆల్‌రైట్?"

ఆ ఐదు నెలల్లో ఆయనను ఆ ప్రశ్న అడిగింది అది ఒక్కతే, అదీ వేళాకోళానికి.

ఫోన్ పెట్టేశాక నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. మా పెళ్ళికి మా నాన్న వర్జ్యం చూసి గంట ఆలస్యంగా బండి కట్టించాడని జీవితమంతా ఎగతాళి చేసిన మనిషి ఈయన. నేను పంచాంగం చూస్తే, "ఏమంటున్నాడు నీ శని, ఆఫీసుకు వెళ్ళమన్నాడా?" అనేవారు.

"ఏమండీ, వారశూల సోమవారానికి కూడా ఉంది. సోమ శని తూర్పు పోరాదు. గ్డాన్స్క్ విమానం సోమవారం."

"ఓహో."

"ఇక వరద. పైన క్రాకోవ్ దాటిన నీళ్ళు కిందికి రాక ఎక్కడికి పోతాయి? వారం పది రోజుల్లో నది చివరికి వస్తాయి. అది గ్డాన్స్క్. మనం వెళ్ళేది జూన్ ఆఖరుకు. అప్పటికి రెండు చోట్లా వరద తగ్గిపోతుంది."

"నీకేం పనీపాటా లేదా? నీ ఊరు ఒప్పుకున్నా కూడా సాధింపేనా?"

ఆయన గట్టిగా అన్నారు. అలా అని లేచి పైకి వెళ్ళారు. వంటింటి గోడ గడియారం నాకు కనిపిస్తోంది. పద్నాలుగు మెట్లకు ఒక నిమిషం యాభై సెకన్లు పట్టింది. రెండు చోట్ల ఆగారు. రెండోసారి ఆగినప్పుడు చెయ్యి గోడకు ఆనించడం కింద నుంచి చూశాను. గ్డాన్స్క్ నాకు ఎందుకు దొరికిందో అప్పుడు తెలిసింది.

మర్నాడే అడగవలసింది. అడగలేదు. అడిగితే హాస్యం చేస్తారు, లేదా కోప్పడతారు, డాక్టరు నువ్వా నేనా అంటారు.  కాగితం మీద అయితే తప్పించుకోలేరని ఊరుకున్నాను.

ఆ కాగితం మే ఇరవై తొమ్మిదిన వచ్చింది. మాకు ఇంకా ఇండియా పాస్‌పోర్టులే. పోలండుకు వీసా కావాలి. వీసాకు ఉండబోయే ఊరు, హోటలు, తేదీలు రాయాలి. దానితోపాటు ప్రయాణ బీమా తీసుకోవాలి. మా ఇంట్లో ఫారాలు నింపేది నేను, సంతకం ఆయనది. సామాను కోసం ప్రెస్ తలుపు తీసి ఉంది. ప్రెస్ అంటే ఇక్కడ అలమర. బల్ల మీద రెండు పాస్‌పోర్టులు, బీమా ఫారం, టీ.

"ఏమండీ, పదకొండో ప్రశ్నకు ఏం రాయను?"

"ఏముంది, అన్నిటికీ నో అని రాయి." ఆయన పేపరు దించలేదు.

"వినండి. గత పన్నెండు నెలల్లో గుండె, ఊపిరితిత్తుల సమస్యకు వైద్యుడికి చూపించుకున్నారా, లేదా చూపించుకోని లక్షణాలు ఏమైనా ఉన్నాయా?"

"చూపించుకోలేదు. కాబట్టి నో."

"చూపించుకోని లక్షణాలు అని కూడా ఉంది."

"లక్షణమో కాదో డాక్టరు చెప్పాలి."

"చెప్పండి మరి. మీరు డాక్టరే కదా."

పేపరు దించారు. నేను నోటుపుస్తకం తీసి చదివాను. ఫిబ్రవరి పదకొండు, తొమ్మిదో మెట్టు. మార్చి నాలుగు, ఏడు. కారు కిందివైపు. ఏప్రిల్, ఆరు. ఏప్రిల్ పద్దెనిమిది, మిరపకాయలు నాలుగు. మే పద్దెనిమిది, రెండు చోట్ల, నిమిషం యాభై సెకన్లు.

"నా మీద రిజిస్టరు పెట్టావా?"

"లాకుల మీద పెట్టినట్టే."

"మరి ఫిబ్రవరిలోనే ఎందుకు చెప్పలేదోయ్?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "ఇంతమంది డాక్టర్లు మన ఇంట్లో భోంచేస్తున్నారు. ఎవరో ఒకరు చెప్తారనుకున్నాను," అన్నాను.

ఆయన ఫారం తన వైపు తిప్పుకున్నారు. "నేనూ అదే అనుకున్నా," అన్నారు.

తర్వాత ఒక్కొక్కటిగా చెప్పారు. ఎడమ భుజం కింద బరువు. నడిస్తే వస్తుంది, ఆగితే పోతుంది. ఏమిటో ఆయనకు మొదటి రోజే తెలుసు. ఎవరికి చూపించినా అదే ఆసుపత్రిలో తెలిసిపోతుంది. జులై పన్నెండు తర్వాత గుండె జబ్బు మనిషికి కాంట్రాక్టు ఎవరు ఇస్తారు? ఇంటర్వ్యూకు ఒక్క పోస్టుకు ముప్ఫై మంది వస్తున్నారు. అమ్మాయికి ఇంకా ఏడాది చదువుంది. కాంట్రాక్టు చేతికి వచ్చాక చూపించుకుందామని ఆయన లెక్క. అప్పటిదాకా మెట్లు తప్పించుకుంటే చాలు. క్రాకోవ్ వెళ్ళి గనిలోకి దిగనంటే నేను ఎందుకని అడుగుతాను. అందుకని నా ఊరు ఒప్పుకున్నారు.

"ఈ లెక్కలో ఒకటి వదిలేశారు," అన్నాను.

"ఏమిటి?"

"థియేటర్లో పేషంటు ఊపిరి మీ చేతిలో ఉన్నప్పుడు తొమ్మిదో మెట్టు వస్తే?"

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. పదకొండో ప్రశ్న ఖాళీగా ఉంచి ఫారం మడిచేశాను. ఆ రోజు ఊరి పేరు కూడా రాయలేదు.

జూన్ ఒకటి, మంగళవారం, ఆయనను ఎరిగినవాళ్ళు లేని ఒక చిన్న ఊళ్ళో జీపీ దగ్గరికి వెళ్ళాం. మామూలు జనంతో పాటే వరసలో కూర్చున్నాం. పక్కన దగ్గుతున్న ముసలమ్మ, ఒళ్ళో పిల్లతో ఒక తల్లి. రిసెప్షన్‌లో ఉన్న ఆవిడ కొత్త పేషంటు వివరాలు రాసుకుంటోంది. ఇంతవరకు మీ జీపీ ఎవరని అడిగింది. లేరన్నారు. ఐర్లండు వచ్చి ఎన్నాళ్ళయిందంటే పదకొండేళ్ళన్నారు. ఏం పని చేస్తారంటే, డాక్టరునన్నారు. ఆవిడ తల ఎత్తి చూసి, "అయ్యో దేవుడా, మీ డాక్టర్లే అందరికన్నా అన్యాయం," అంది.

జీపీ పెద్దాయన. లోపల ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. బయటకు వచ్చి నాతో, ఇంటికి వెళ్ళొద్దు, తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి, కారు మీరు నడపండి అన్నారు. నాకు లైసెన్సు లేదు. టాక్సీ పిలిచారు. మా ఆయన చేతిలో జీపీ రాసిన ఉత్తరం ఉంది. అది తన ఆసుపత్రిలో ఆయన రోజూ కలిసి టీ తాగే కన్సల్టెంటు పేరు మీదే ఉంది.

శుక్రవారం నాడు వేరే ఊరి పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళి మణికట్టు దగ్గర నుంచి గొట్టం పంపి రెండు స్టెంట్లు వేశారు. ఒక నాళం దాదాపు మూసుకుపోయిందన్నారు. ఇంకెన్ని మెట్లు పట్టేదని నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

తిరిగి లెటర్‌కెన్నీ వార్డుకు తెచ్చాక వరంగల్ అమ్మాయి వచ్చింది. మంచం పక్కన నిలబడి చీటీ చదువుతూ మొహం దాచుకుంది.

"ఆంటీ చెయ్యి లెక్క తప్పదని నాకెరుకే సర్. గా దినం నవ్విన. నవ్వకుండ మీ చెయ్యి పట్టుకుంటే అయిపోతుండె."

"ఇప్పుడు పట్టుకో."

"ఇప్పుడు మానిటర్ ఉన్నది సర్. నాతోని ఏం పని?"

అని కూడా నాడి పట్టుకుని పూర్తిగా నిమిషం చూసింది. నేను గడియారం చూశాను, నిమిషమే.

ఆయన భయపడ్డట్టే జరిగింది. జులై పన్నెండు తర్వాత కాంట్రాక్టు రాలేదు. కారణం జబ్బు అని ఎవరూ అనలేదు, పోస్టులు తగ్గించామన్నారు. అది నిజమో కాదో నాకు తెలియదు. ఐదు నెలలు మా దగ్గర దాచుకున్నదే తిన్నాం. అమ్మాయి వారాంతాల్లో కూడా పనిచేసింది. డిసెంబరులో మంచు పడిన వారం, ఆపరేషన్‌కు ముందు రోగులను పరీక్షించే క్లినిక్కులో పని దొరికింది. రాత్రి డ్యూటీలు లేవు, జీతం ముందటి దానిలో మూడింట రెండు వంతులు. పక్కింటి పోలండు ఆవిడ అప్పటికే వెళ్ళిపోయింది. ఆ ఇల్లు చాలా నెలలు ఖాళీగా ఉంది.

ఆ క్లినిక్కులో ఆయన అందరినీ అడిగే మొదటి ప్రశ్న, మెట్లు ఎక్కగలరా అని. ఇంటికి వచ్చి చెప్పేవారు: అందరూ ఎక్కగలమనే అంటారట.

2011 ఏప్రిల్‌లో మళ్ళీ పోలండు మాట నేనే ఎత్తాను. ఈసారి నేరుగా అడిగాను. "మీకు ఏ ఊరు కావాలి? నా కోసం చెప్పొద్దు."

"క్రాకోవ్," అన్నారు. కొంచెం ఆగి, "గనిలోకి మాత్రం దిగను. ఇప్పుడు దిగవచ్చు, కార్డియాలజిస్టు కూడా దిగొచ్చన్నాడు. కానీ భయం," అన్నారు.

అంతవరకు ఆయన నోట ఆ మాట నేను వినలేదు.

మే ఇరవై, శుక్రవారం, క్రాకోవ్ వెళ్ళాం. బీమా ఫారంలో పదకొండో ప్రశ్నకు అవునని రాసి, కింద నాలుగు గీతల్లో వివరం రాశాను. దాని వల్ల ముప్ఫై ఒక్క యూరోలు ఎక్కువైంది. మూడో రోజు గనికి వెళ్ళాం. ఆయన గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నారు. గుంపుతో పాటు నేను దిగాను. చెక్క మెట్లు, ఒక మలుపు తర్వాత ఇంకో మలుపు, అన్నీ ఒకేలా ఉన్నాయి. నా లెక్కకు మూడు వందల డెబ్బై తొమ్మిది వచ్చాయి. ఒకటి తప్పి ఉండవచ్చు. ఉప్పు చర్చి చూశాను. గోడ మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాను, ఉప్పే.

రెండున్నర గంటల తర్వాత లిఫ్టులో పైకి వచ్చాను. చర్చి ఎలా ఉందని అడుగుతారని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆయన నా కోసం చూడటం లేదు. పక్కన మెట్లు దిగలేక ఆగిపోయిన జర్మన్ పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆ పెద్దాయన ఇంగ్లీషు అంతంత మాత్రమే. మా ఆయన కుడిచేతి చొక్కా మోచేతి దాకా మడిచి, మణికట్టు మీది చిన్న మచ్చ చూపిస్తూ, గొట్టం ఎక్కడ నుంచి ఎక్కడికి పోయిందో వేలితో గీస్తున్నారు. నన్ను చూసి, "ఒక్క నిమిషమోయ్, రెండో స్టెంటు సంగతి ఇంకా చెప్పలేదు," అన్నారు. ఆ జర్మన్ ఆయన తన గుండె మీది కోత చూపించడానికి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టారు.

నేను బెంచీ చివర చోటు చూసుకుని కూర్చున్నాను.